కింద అంతస్తులో చలి, పైఅంతస్తులో చెమట: ఏసీ గాలి పంపకంలో లోపం ఎక్కడుంది?

రాజమహేంద్రవరం: మే నెల మధ్యాహ్నం నగరంలోని మూడంతస్తుల బట్టల షోరూముల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. కింద అంతస్తులో కౌంటరు దగ్గర నిలబడ్డ సేల్స్ అమ్మాయిలు చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని ఉంటారు. పైన మూడో అంతస్తులో పెళ్లి చీరలు విప్పి చూపించే కుర్రాళ్లు జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉంటారు. భవనం ఒకటే, ఏసీ ప్లాంటు ఒకటే, నెలాఖరుకు వచ్చే కరెంటు బిల్లూ ఒకటే. ఆ చల్లదనం మాత్రం అందరికీ ఒకేలా చేరడం లేదు.

ఇలాంటప్పుడు యజమానికి మొదట వచ్చే ఆలోచన ఏసీ చాలడం లేదని. మెకానిక్‌ను పిలిచి "పైన అసలు చల్లదనం లేదండీ, చూడండి" అంటారు. ఆయన గేజీ పెట్టి చూసి "గ్యాస్ తగ్గినట్టుందండి, ఎక్కించేద్దాం" అంటాడు. రెండు వారాల తర్వాత మళ్లీ అదే కథ. చివరికి ఇంకో పది టన్నుల మెషిన్ కొనడం దాకా వస్తుంది. లక్షల రూపాయల ఖర్చు, దాంతోపాటు పెరిగే కరెంటు లోడు. ఇన్ని చేసినా పైఅంతస్తు కుర్రాళ్ల చెమట ఆరకపోవచ్చు. చాలాసార్లు లోపం మెషిన్‌లో ఉండదు, పంపకంలో ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని సరిచేసే పనిని బ్యాలెన్సింగ్ అంటారు.

ఒక మాట మధ్యలో చెప్పుకోవాలి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు. అది మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు పట్టకుండా ఏటా గ్యాస్ ఎక్కించడం చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు.

శివారు పొలం, శివారు గ్రిల్లు

బ్యాలెన్సింగ్ అంటే ఏమిటో గోదావరి జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ఈ డెల్టాలో కాలువ నీళ్ల తగాదా ఒకే రకంగా నడుస్తోంది. ఎగువన తూము దగ్గర ఉన్న పొలానికి నీళ్లు ఎక్కువ, శివారు ఆయకట్టుకు తక్కువ. శివారు రైతు గోల పెడితే రెండే దారులు. ఒకటి, ఎగువ నుంచి కాలువలోకి ఇంకా నీళ్లు వదలడం. అప్పుడు శివారుకు కాస్త చేరుతుంది గానీ ఎగువ పొలాలు మునుగుతాయి. రెండోది, లస్కరు వెళ్లి ఎగువ తూముల షట్టర్లు కొంచెం కొంచెం దించడం. కాలువలో వచ్చే నీళ్లు అవే, శివారు దాకా పారతాయి.

ఏసీ డక్టులో జరిగేదీ సరిగ్గా ఇదే. ఫ్యాను దగ్గర గాలి ఒత్తిడి ఎక్కువ. డక్టు పొడవునా, మలుపు మలుపుకీ రాపిడి వల్ల ఆ ఒత్తిడి తగ్గుతూ పోతుంది. ఫ్యానుకు దగ్గర్లో ఉన్న గ్రిల్లు ఎగువ తూములాంటిది, అడగకుండానే ఎక్కువ తాగేస్తుంది. చివరి గ్రిల్లు శివారు పొలం. ప్రతి కొమ్మ డక్టులోనూ డ్యాంపర్ అనే పలక ఉంటుంది, కనీసం ఉండాలి. అదే ఇక్కడ షట్టరు. కొత్త మెషిన్ కొనడమంటే ఎగువ పొలాలు మునిగేలా కాలువకు నీళ్లు పెంచడం. డ్యాంపర్లు సరిచేయడం లస్కరు పని. చిక్కేమిటంటే, చాలా భవనాల్లో డక్టులు బిగించిన రోజున డ్యాంపర్లన్నీ పూర్తిగా తెరిచి వదిలేస్తారు. ఫాల్స్ సీలింగ్ మూసేశాక వాటి ముఖం మళ్లీ ఎవరూ చూడరు.

లెక్క ఎలా తేలుతుంది

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఐదు టన్నుల డక్టబుల్ ఏసీ ఒకటి, దానికి నాలుగు గ్రిల్లులు. టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి అనేది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఆ ప్రకారం మొత్తం 2000, ఒక్కో గ్రిల్లుకు 500 రావాలి. కొలిచి చూస్తే మొదటి దాంట్లో 800, రెండో దాంట్లో 600, మూడో దాంట్లో 400, చివరి దాంట్లో 200 వచ్చాయనుకోండి. కూడితే 2000 సరిగ్గా ఉంది. అంటే మెషిన్‌కు ఏ జబ్బూ లేదు. మొదటి గ్రిల్లు కింద కూర్చున్న క్యాషియరు వణకడానికి, చివరి గ్రిల్లు కింద నిలబడ్డవాడు ఉక్కిపోవడానికి కారణం ఆ నాలుగు అంకెల్లోనే ఉంది.

ఇక్కడ తొందరపడి మొదటి డ్యాంపరును సగం మూసేస్తే పని అయిపోదు. ఒకటి కదిపితే మిగతా మూడూ మారతాయి. మూడోది సరిచేసి రెండోదానికి వెళ్లేసరికి మూడోది మళ్లీ చెడుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు శివారు నుంచి మొదలుపెడతారు. అన్నిటికన్నా తక్కువ గాలి వస్తున్న చివరి గ్రిల్లు డ్యాంపరును పూర్తిగా తెరిచే ఉంచుతారు, దాన్ని ముట్టుకోరు. దాని వాటాలో ఎంత శాతం వస్తోందో చూసి, మూడోదానికీ అంతే శాతం వచ్చేదాకా మూడో డ్యాంపరు మూస్తారు. తర్వాత రెండోదాన్ని మూడోదానితో, మొదటిదాన్ని రెండోదానితో కలుపుతారు. ఎగువన మూసిన కొద్దీ దిగువన ఉన్నవన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి కాబట్టి ముందు కుదిర్చిన లెక్క చెడదు. నాలుగూ ఒకే శాతానికి వచ్చాక, ఆఖరున ఫ్యాను వేగం సరిచేసి మొత్తాన్ని 2000కు తెస్తారు.

ఫ్యాను వేగం దగ్గరే అసలు డబ్బులున్నాయి. గాలి ఎక్కువైతే డ్యాంపర్లు మూసి ఆపడం ఒక పద్ధతి. బండి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, బ్రేకు మీద కాలు పెట్టి నడపడం లాంటిది అది. ఫ్యాను వేగమే తగ్గించడం రెండో పద్ధతి. గాలి వేగంతో సమానంగా తగ్గుతుంది, కరెంటు మాత్రం వేగం ఘనంతో తగ్గుతుంది. అంటే వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ఏడున్నర కిలోవాట్లు తాగే ఫ్యాను మోటారు నాలుగు కిలోవాట్ల లోపే తాగుతుంది. రోజుకు 12 గంటలు నడిచే షోరూములో లెక్క ప్రకారం ఇది రోజుకు 40 యూనిట్ల పైమాట. కంప్రెసరు ఊసెత్తకుండా, ఒక్క ఫ్యాను మీదే ఇంత మిగులు. వేగం తగ్గించడానికి పాత బెల్టు ఫ్యానుకైతే పుల్లీ మార్చినా సరిపోతుంది, కొత్తవాటికి వీఎఫ్‌డీ ఉంటుంది.

పెద్ద ఆసుపత్రులు, మాల్స్‌లో గాలికి బదులు చల్లటి నీళ్లు భవనమంతా తిరుగుతాయి. చిల్లర్ నుంచి 7 డిగ్రీల నీళ్లు బయల్దేరి, గదుల వేడి తీసుకుని 12 డిగ్రీలకు తిరిగి రావాలన్నది మామూలు డిజైను. పంపుకు దగ్గరున్న యూనిట్లు అవసరానికి మించి నీళ్లు లాగేస్తే ఆ నీళ్లు సరిగ్గా వేడెక్కకుండానే 10 డిగ్రీలకు వెనక్కి వస్తాయి. వంద టన్నుల వేడి మోయడానికి 5 డిగ్రీల తేడా ఉంటే సెకనుకు సుమారు 17 లీటర్ల నీళ్లు చాలు. 3 డిగ్రీలే ఉంటే 28 లీటర్లు కావాలి. ఆపరేటరుకు పై అంతస్తుల ఫిర్యాదులు మాత్రమే వినిపిస్తాయి కాబట్టి రెండో పంపు, రెండో చిల్లరు ఆన్ చేస్తాడు. సగం పని చేసే రెండు చిల్లర్లు నడుస్తుంటాయి. దీనికి మందు కూడా పాతదే, ఒక్కో కొమ్మ పైపుకు బ్యాలెన్సింగ్ వాల్వు పెట్టి కొలిచి సరిచేయడం.

డెల్టా అసలు శత్రువు వేడి కాదు, తేమ

రోహిణి కార్తెలో రాజమహేంద్రవరం ఎండ ఎంత మండినా, ఏసీకి అసలు పరీక్ష ఆ తర్వాతే వస్తుంది. వానలు పడ్డాక, కాలువలు నిండి చేలల్లో నీళ్లు నిలిచాక, ఉష్ణోగ్రత తగ్గినా ఉక్కపోత తగ్గదు. దీన్ని అంకెల్లో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మధ్యాహ్నం 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలిలోనూ, సాయంత్రం 30 డిగ్రీలకు చల్లబడి 80 శాతం తేమ ఉన్న గాలిలోనూ నీళ్లు దాదాపు అంతే. కిలో గాలికి 21 గ్రాముల పైన. ఏసీ గదిలో 24 డిగ్రీలు, 55 శాతం తేమ హాయిగా ఉంటుందనుకుంటే అక్కడి గాలిలో ఉండాల్సింది 10 గ్రాములే. మిగతా 11 గ్రాములు ఏసీ పిండి తీసేయాలి. బయటి నుంచి వచ్చే ప్రతి వెయ్యి ఘనపు మీటర్ల గాలికి ఇది సుమారు 12 లీటర్ల నీళ్లు. డ్రెయిన్ పైపు నుంచి ధారగా కారేది ఆ నీళ్లే.

అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో గాలి తేమకు కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజినీరు తయారుచేసిన డిజైనే ఆధునిక ఎయిర్ కండిషనింగ్‌కు తొలి అడుగు అంటారు. మనుషుల సుఖం తర్వాత వచ్చింది.

ఈ కోణంలో చూస్తే "పెద్ద ఏసీ పెట్టేద్దాం, పడి ఉంటుంది" అనేది డెల్టాలో అన్నిటికన్నా చెడ్డ సలహా. అవసరానికి మించిన మెషిన్ గదిని నాలుగు నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. తేమ పిండడానికి కాయిల్ కాసేపు ఆగకుండా చల్లగా ఉండాలి. ఆ సమయం దానికి దొరకదు. పైగా కంప్రెసరు ఆగి ఫ్యాను తిరుగుతుంటే కాయిల్ మీది నీళ్లు మళ్లీ గదిలోకే ఆవిరవుతాయి. గది చల్లగా ఉంటుంది, ఒళ్లు మాత్రం జిడ్డుగా ఉంటుంది. జిడ్డుగా ఉందని రిమోటు 18కి తగ్గిస్తారు. గోడలు, అద్దాలు ఇంకా చల్లబడతాయి. బయటి గాలి నీరుగా మారే ఉష్ణోగ్రత ఈ కాలంలో 26 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి అంతకన్నా చల్లటి ప్రతి తలం మీదా చెమ్మ పడుతుంది. షోరూము అద్దాలు బయటివైపు మసకబారడం, ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరకలు, స్టాకు గదిలో బూజు వాసన, పట్టు చీరల మడతల్లో మచ్చలు. బట్టల వ్యాపారికి చివరిది కరెంటు బిల్లు కన్నా పెద్ద నష్టం.

గది ఏసీలకు స్టార్ రేటింగ్ ఇచ్చే బీఈఈ సంస్థ 2020 జనవరి 1 నుంచి కొత్త మెషిన్లు 24 డిగ్రీల సెట్టింగుతోనే ఆన్ కావాలని నిబంధన తెచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. మాట నిజమే. అయితే తేమ పోని గదిలో 24 డిగ్రీలు ఎవరికీ సుఖంగా ఉండదు, మళ్లీ రిమోటు వెతుక్కుంటారు. ముందు తేమ సంగతి చూడకుండా సెట్టింగు గురించి ఎంత చెప్పినా చెవికెక్కదు.

బిర్యానీ హోటల్ తలుపు ఎందుకు ఈల వేస్తుంది

రెస్టారెంట్లలో గాలి పంపకం ఇంకో రూపంలో చెడుతుంది. వంటగదిలో దమ్ము దించేటప్పుడు పొగ, ఆవిరి లాగడానికి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటుంది. అది గంటకు వేల ఘనపు మీటర్ల గాలిని బయటికి నెడుతుంది. నెట్టినంత గాలి ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి కదా. వంటగదికి విడిగా గాలి వచ్చే ఏర్పాటు లేకపోతే అది పక్కనున్న ఏసీ డైనింగ్ హాలు నుంచి లాగుతుంది. డబ్బులు పెట్టి చల్లబరిచిన గాలి మసాలా వాసనతో పాటు చిమ్నీ గుండా వీధిలోకి పోతుంది. ఆ లోటు పూడ్చడానికి వీధి తలుపు సందుల్లోంచి వేడి, తేమ, దుమ్ము కలిసిన గాలి హాల్లోకి దూరుతుంది. తలుపు దానంతటదే లోపలికి లాక్కుపోతున్నా, సందుల్లో ఈల వినిపిస్తున్నా ఇదే సూచన.

దీన్ని పట్టుకోవడానికి పరికరం కూడా అక్కర్లేదు. వీధి తలుపు ఒక అంగుళం తెరిచి, సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకుంటే చాలు. పొగ లోపలికి వెళితే భవనం గాలి కోసం అలమటిస్తున్నట్టు. మెల్లగా బయటికి వెళితే సరిగ్గా ఉన్నట్టు. వంటగదిలోకి మాత్రం పొగ హాలు వైపు నుంచి కొద్దిగా వెళ్లాలి, లేకపోతే వంట వాసన హాలు నిండుతుంది. వంటగది ఎగ్జాస్టుకు దీటుగా వంటగదికే బయటి గాలి ఇవ్వడం దీనికి సరైన పరిష్కారం. డైనింగ్ హాలు ఏసీ టన్నులు పెంచడం కాదు.

పెళ్లి రోజు వేరే లెక్క

ఫంక్షన్ హాళ్ల సంగతి వేరు. వలీమాకో రిసెప్షన్‌కో వెయ్యి మంది ఒకే గంటలో వస్తారు. కూర్చుని ఉన్న మనిషి ఒంటి నుంచి సుమారు 115 వాట్ల వేడి వస్తుంది, అందులో కొంత చెమట, ఊపిరి తేమగా వస్తుంది. వెయ్యి మందికి 115 కిలోవాట్లు, అంటే సుమారు 33 టన్నులు. ఇది మనుషులది మాత్రమే. మనిషికి గంటకు 15 ఘనపు మీటర్ల బయటి గాలి ఇవ్వాలనుకుంటే, వానాకాలం సాయంత్రం ఆ గాలితో గంటకు దాదాపు 180 లీటర్ల నీళ్లు ఆవిరి రూపంలో లోపలికి వస్తాయి. వాటిని పిండడానికే ఇంకో 35 టన్నులు కావాలి. వేదిక మీది లైట్లు, రూఫు వేడి, తెరిచి ఉంచిన భోజనాల హాలు తలుపులు దీనికి అదనం.

ఇది తెలిసి చాలా హాళ్లలో బయటి గాలి వచ్చే దారిని అట్టపెట్టె ముక్కతో మూసేస్తారు. చల్లదనం పెరిగినట్టే ఉంటుంది. గంట తర్వాత పెద్దవాళ్లకు తల దిమ్ముగా ఉంటుంది, పిల్లలు ఏడుపు మొదలుపెడతారు, అందరూ గేటు దగ్గరికి చేరతారు. 2020లో కరోనా సమయంలో ఏసీ ఇంజినీర్ల సంఘం ఇష్రే ఇచ్చిన మార్గదర్శకాల్లో బయటి గాలి తప్పనిసరి అని గట్టిగా చెప్పింది. గది ఉష్ణోగ్రత 24 నుంచి 30 మధ్య, తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉంచమంది. మహమ్మారి తగ్గాక ఆ అట్టపెట్టె ముక్కలు మళ్లీ తమ చోటికి చేరాయి.

హాళ్లలో ఇంకో తప్పు ఉంది. అన్ని టన్నులూ వేదిక వైపు పెట్టడం. పెళ్లికూతురు చలికి ముడుచుకుంటుంది, వెనక వరసల బంధువులు విసనకర్రలు అడుగుతారు. జనం ఎక్కడ కూర్చుంటారో గాలి అక్కడికి పంచాలి. హాలు ఖాళీగా ఉన్నప్పుడే, జనం రావడానికి గంటన్నర ముందు ఆన్ చేస్తే గోడలు, కుర్చీలు చల్లబడి ఆ తర్వాతి గంట భారం తగ్గుతుంది. శుక్రవారం మధ్యాహ్నం ఒక్క గంట నిండే మసీదు హాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఒక్క గంట కోసం రెట్టింపు మెషిన్లు కొనేకన్నా ముందుగా చల్లబరచడం చవక.

వరసగా స్ప్లిట్ ఏసీలున్న చోట

నిజానికి జిల్లాల్లోని చాలా దుకాణాలు, నర్సింగ్ హోములు, కోచింగ్ సెంటర్లలో సెంట్రల్ ఏసీ ఉండదు. గోడకు వరసగా స్ప్లిట్లు, సీలింగుకు క్యాసెట్లు ఉంటాయి. వాటికి డ్యాంపర్లు లేవు కాబట్టి బ్యాలెన్సింగ్ అక్కర్లేదనుకుంటే పొరపాటు. ఒకే హాల్లో ఒకటి 20కి, ఒకటి 26కి పెడితే మొదటిది రోజంతా రెండోదాని పని కూడా చేసి ముందుగా పాడవుతుంది.

అంతకన్నా పెద్ద తప్పు బయట జరుగుతుంది. రెండు భవనాల మధ్య మూడడుగుల సందులో ఔట్‌డోర్ యూనిట్లన్నీ నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. కింది యూనిట్ వదిలిన వేడి గాలి పైకి లేచి పై యూనిట్ నోట్లోకి పోతుంది. అది ఇంకా వేడి గాలి వదులుతుంది, దాన్ని ఆ పైది పీలుస్తుంది. వీధిలో 40 డిగ్రీలున్నా అన్నిటికన్నా పైనున్న యూనిట్ దగ్గర అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. పైఅంతస్తు ఏసీ ఎందుకు తరచూ ట్రిప్ అవుతోందో తెలుసుకోవాలంటే ఆ సందులోకి తల పెట్టి చూడటం మంచిది. ఆ అంతస్తుకు పైన కాలే స్లాబు కూడా ఉంటుంది. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయడం మెషిన్ మార్చడం కన్నా చవకైన పని. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీ ప్రకటించింది.

వేడి నీళ్ల కోసం ఒకవైపు, వేడి పారబోయడం ఒకవైపు

ఈ డెల్టాలో గదులకు హీటర్లు పెట్టుకునేవాళ్లు లేరు. అయినా వేడితో పని ఉంది. ఆపరేషన్ థియేటర్లలో తేమ పిండడానికి గాలిని బాగా చల్లబరిచి, అదే గాలిని మళ్లీ కొద్దిగా వేడి చేసి లోపలికి పంపుతారు. సరిగ్గా సర్దకపోతే చల్లబరిచే మెషిన్, వేడి చేసే హీటరు రెండూ రాత్రంతా ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ మీటరు తిప్పుతాయి. గదిలో ఉష్ణోగ్రత సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

లాడ్జీలు, హోటళ్లలో ఇంకో విచిత్రం. బాత్‌రూముల్లో గీజర్లు కరెంటుతో నీళ్లు కాస్తుంటాయి. అదే సమయంలో టెర్రస్ మీద ఏసీలు వేడిని గాలిలోకి పారబోస్తుంటాయి. మామూలు ఏసీ ఒక యూనిట్ కరెంటు తీసుకుని గదిలోంచి సుమారు మూడు యూనిట్ల వేడి లాగుతుంది, బయట నాలుగు యూనిట్ల వేడి వదులుతుంది. కంప్రెసరు నుంచి వచ్చే వేడి గ్యాస్ పైపు మీద ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ పెడితే అందులో కొంత భాగంతో నీళ్లు ఉచితంగా వేడెక్కుతాయి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. వాటి కోసం కొత్త గదులు కట్టుకునే హోటళ్లు ప్లంబింగు మొదలుపెట్టకముందే ఈ మాట ఇంజినీరును అడగాలి, టైల్స్ వేశాక అడిగితే లాభం లేదు.

గాలిని, తేమను విడివిడిగా చూసుకుంటే ఎంత తేడా వస్తుందో హైదరాబాద్ దగ్గర పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో చూపించారు. అక్కడ ఒకే భవనాన్ని రెండు సమాన భాగాలు చేసి, ఒక సగానికి మామూలు డక్టు ఏసీ, రెండో సగానికి స్లాబులో పైపుల గుండా చల్లటి నీళ్లు పంపే పద్ధతి పెట్టారు. రెండో సగంలో బయటి గాలి తేమను వేరే యూనిట్ పిండి పంపుతుంది. రెండేళ్ల కొలతల్లో రెండో సగం 34 శాతం తక్కువ కరెంటు వాడిందని తేలింది. గమనించాల్సింది, పోల్చడానికి పెట్టిన మొదటి సగం కూడా బాగా డిజైన్ చేసిందే. మన షోరూముల్లాంటిది కాదు.

చట్టంలో ఉంది, కాగితం మీద ఉండిపోయింది

వాణిజ్య భవనాల కోసం కేంద్రం 2007లో ఇంధన పొదుపు భవన కోడ్ ఈసీబీసీ తెచ్చింది, 2017లో సవరించింది. వంద కిలోవాట్ల కనెక్టెడ్ లోడు లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండు దాటిన భవనాలకు ఇది వర్తిస్తుంది. మొదటి కోడులోనే బ్యాలెన్సింగ్ మీద స్పష్టమైన నిబంధన ఉంది. ఏసీ ఉన్న విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటితే, ఎక్కడ ఎంత గాలి, ఎంత నీరు వస్తోందో కొలిచిన రాతపూర్వక రిపోర్టు యజమానికి ఇవ్వాలి. ముందు డ్యాంపర్ల దగ్గర అనవసరపు అడ్డు తగ్గించి, ఆ తర్వాత ఫ్యాను వేగం సరిచేయాలని కూడా అందులోనే ఉంది. పైన చెప్పిన శివారు పద్ధతి అదే.

ఆ రిపోర్టు చూసిన యజమానులు ఎంతమంది ఉంటారు? టెండరులో టన్నులు, బ్రాండు, వారంటీ రాస్తారు. గాలి కొలిచి చూపించాలని రాయరు. చివరి పది శాతం బిల్లు ఆ రిపోర్టు ఇచ్చాకే చెల్లిస్తామని ఒక్క వాక్యం రాసుకుంటే చాలు, కాంట్రాక్టరు ఫాల్స్ సీలింగ్ మూయకముందే డ్యాంపర్ల దగ్గరికి వెళతాడు. ఇప్పటికే కట్టేసిన భవనాల్లో ముందు ఫిల్టర్లు, కాయిల్సు శుభ్రం చేయించి ఆ తర్వాతే కొలిపించాలి. దుమ్ము పట్టిన ఫిల్టరుతో కొలిచిన అంకెలకు విలువ లేదు. రిటర్న్ గాలి వెళ్లే గ్రిల్లుకు అడ్డంగా పెట్టిన చీరల రాక్ తీసేస్తే సగం సమస్య తీరిన చోట్లూ ఉంటాయి.

ఈ పని తెలిసినవాళ్లు దొరకడమే కష్టం. ఐటీఐల్లో రిఫ్రిజరేషన్, ఏసీ టెక్నీషియన్ రెండేళ్ల కోర్సు చేసి ఏటా కుర్రాళ్లు బయటికి వస్తున్నారు. వేసవి నాలుగు నెలలు తీరిక లేకుండా పని, ఆ తర్వాత ఖాళీ. వాళ్ల సంచిలో గ్యాస్ గేజీ, స్పానర్లు ఉంటాయి. గాలి వేగం కొలిచే ఎనిమోమీటరు, తేమ చూపే మీటరు ఉండవు. ఈ రెండూ ఒక సిలిండరు గ్యాసు కన్నా పెద్ద ఖరీదైనవేమీ కావు. కొలిచి, కాగితం మీద అంకెలు రాసి ఇవ్వగలిగిన కుర్రాడికి వేసవి పోయాక కూడా పని ఉంటుంది. డ్యాంపర్లు సర్దే పనికి ఎండతో సంబంధం లేదు, గాలి జనవరిలోనూ అదే డక్టులో అలాగే పారుతుంది. సంక్రాంతి రద్దీ అయ్యాక, పెళ్లిళ్ల కొనుగోళ్లు ఊపందుకోకముందు షోరూములు కాస్త ఖాళీగా ఉండే వారాలు దీనికి అనువు. చల్లదనం సరిపోతోందా అన్నది మేలో, తేమ పోతోందా అన్నది శ్రావణ మాసపు రద్దీలో ఇంకోసారి చూసుకోవాలి.